ధూల్‌పేట్‌కు ఒకే లెన్సుతో

కాజీపేటలో ఉదయం రైలు ఎక్కేటప్పుడే కెమెరా సంచీ తేలిగ్గా అనిపించింది. భుజం నొప్పికి రాత్రి వేసుకున్న మాత్ర బాగా పనిచేసింది కాబోలు అనుకున్నాను. ఏడు దాటింది. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన సీటు దొరికింది. బయట సన్నగా ముసురు. వినాయక చవితి నాలుగు రోజుల్లోకి వచ్చింది, నేను హైదరాబాద్ పాతబస్తీ దిక్కు, ధూల్‌పేట్‌కు బయల్దేరాను.

ఎందుకు బయల్దేరానో ముందు చెప్పాలి. మూడేళ్ల కిందట మా కాలనీ వాళ్లతో కలిసి గణపతి విగ్రహం కొనడానికి ధూల్‌పేట్ వెళ్లాను. అక్కడ ఒక షెడ్డులో లక్ష్మణ్‌సింగ్ అనే పెద్దాయన విగ్రహానికి కళ్లు దిద్దుతున్నాడు. ఆయన భార్య గంగాబాయి పక్కన రంగు గిన్నె పట్టుకుని నిలబడింది. చేతిలో కెమెరా ఉంది కాబట్టి నాలుగు ఫొటోలు తీశాను. ఇంటికి వచ్చాక ఒకటి పెద్ద సైజులో ప్రింటు వేయించి పోస్టులో పంపాను. లక్ష్మణ్‌సింగ్ పోయిన ఏడాది చనిపోయాడు. ఈ శ్రావణంలో గంగాబాయి ఫోన్ చేసింది.

"బిటియా, ఆయన ఫొటో గోడకుంది. దాని పక్కన నాది కూడా గట్లనే ఉండాలె. ఈసారి ఒక్క గణపతికే కండ్లు దిద్దుత. మళ్ల ఏడాది నా చెయ్యి పనికొస్తదో రాదో. నువ్వు రావాలె."

ఆమె 'గట్లనే' అన్న మాట నాకు బాగా అర్థమైంది. ఆ ఫొటో నా ఎనభై ఐదు మిల్లీమీటర్ల లెన్సుతో తీసింది. దానికి జూమ్ ఉండదు. మనిషి దగ్గరగా కనిపించాలంటే మనమే ముందుకు నడవాలి, దూరం కావాలంటే మనమే వెనక్కి నడవాలి. కానీ దాని అద్దం పెద్దది. మసక షెడ్డులో కూడా చాలినంత వెలుతురు లోపలికి తెస్తుంది. ముఖాన్ని శుభ్రంగా పట్టుకుని, వెనకున్న గోనెసంచుల్నీ రంగు డబ్బాల్నీ మెత్తగా కలిపేస్తుంది. దానితో పాటు నా దగ్గర ముప్పై ఐదు లెన్సు ఒకటుంది. ఈ రెండూ మా స్టూడియోవి కావు, నావి. స్టూడియో మాత్రం నాదీ, మా మరిది రమేశ్‌దీ. మా ఆయన లోకోషెడ్డులో పనిచేస్తారు, ఆయనకు ఫొటోల గొడవ పట్టదు.

ఘన్‌పూర్ దాటాక లెన్సులు ఒకసారి తుడుచుకుందామని సంచీ తెరిచాను. రెండు గళ్లలోనూ నా లెన్సులు లేవు. కెమెరాకు తగిలించి, లావుపాటి కొత్త జూమ్ లెన్సు ఒకటి ఉంది. మిగిలిన గళ్లలో పాత నూలు గుడ్డలు కుక్కి ఉన్నాయి. వెంటనే రమేశ్‌కు ఫోన్ చేశాను.

"ఆఁ వదినా, చూసినవా? సర్‌ప్రైజ్!"

"నా లెన్సులేవి?"

"మొన్న ఆల్బమ్ ప్రింట్లకని సిటీకి పోయిన గదా. కోఠిల ఎక్స్‌చేంజ్ చేసిన. రెండిచ్చి ఒకటి తెచ్చిన. దగ్గరిది, దూరంది, అన్నీ దాంట్లనే. మార్చుడు లేదు, మోసుడు లేదు. మస్తు సౌలత్ వదినా."

"ఎవర్ని అడిగినవ్?"

"అడిగితె ఒద్దంటవని..."

తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. పెట్టెలో సగం మంది మెడలు తిప్పి చూశారు. ఎదురు సీట్లో తువ్వాలు తలకు చుట్టుకున్న ముసలాయన మెల్లగా అడిగాడు. "ఏం పోయింది బిడ్డా?"

"కెమెరా అద్దాలు బాపూ."

"దొంగలు పడ్డరా?"

"లేదు. మా మరిది అమ్మిండు."

"గట్లయితే పోలీసోళ్లకు చెప్పుకునే తందుకు కూడ లేదు," అని తన సంచీలోంచి ఉడకబెట్టిన మక్కకంకి తీసి ఇచ్చాడు. కోపంలోనే తిన్నాను. రుచి గుర్తు లేదు.

జూమ్ లెన్సు మీద నాకు పగ లేదు, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఫంక్షన్ హాల్లో పెళ్లి తీసేటప్పుడు ఒక్క నిమిషంలో తలంబ్రాలు, ఆ వెంటనే స్టేజి కింద ఏడుస్తున్న మేనమామ, ఆ వెంటనే మూడొందల మంది గుంపు. అక్కడ లెన్సులు మారుస్తూ కూర్చుంటే పెళ్లి అయిపోతుంది. ఆ పనికి రమేశ్ తన డబ్బుతో ఇలాంటివి పది కొనుక్కున్నా నేను అడ్డుపడను. కానీ అలాంటి లెన్సును దగ్గరికి లాగిన కొద్దీ దాని కన్ను చిన్నదవుతుంది. నా ఎనభై ఐదు ఇచ్చే వెలుతురులో ఇది పదో వంతు కూడా కష్టంగా ఇస్తుంది. ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే శక్తి, పెంచి నెట్టుకొద్దామంటే నా పాత కెమెరాలో ముఖం మీద ఇసుక చల్లినట్టు గింజలు తేలతాయి. ధూల్‌పేట్ షెడ్డులో, ముసురు రోజున, నీలం టార్పాలిన్ కింద ఒక ముసలామె చెయ్యి కదిలే క్షణాన్ని పట్టుకోవడానికి అది చాలదు. ఈ ముక్క రమేశ్‌కు తెలుసు. పదేళ్లుగా నాతో పనిచేస్తున్నాడు.

సికింద్రాబాద్‌లో తొమ్మిదిన్నరకు దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ ఒక ప్లేటు నిలబడే తిని, కోఠి వెళ్లే సిటీ బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. ఆఫీసుల వేళ, బస్సు నిండా ఆడవాళ్లే. గంగాబాయి మధ్యాహ్నం రెండు తర్వాత రమ్మంది. ఆ గణపతిని కొన్న మహబూబ్‌నగర్ వాళ్ల లారీ మూడింటికి వస్తుందట, అది వచ్చేలోపు కళ్లు దిద్దాలి. కాబట్టి నాకు కొన్ని గంటలున్నాయి. ఆ గంటల్లో నా లెన్సు వెనక్కి తెచ్చుకోవాలి.

కోఠిలో కెమెరా కొట్లుండే గల్లీకి చేరేసరికి షట్టర్లు అప్పుడే లేస్తున్నాయి. రమేశ్ ఎప్పుడూ వెళ్లే కొట్టే, పేరు రాయను. అద్దాల బల్ల వెనక కూర్చున్నాయన, తాతల కాలం నుంచీ ఇక్కడే వ్యాపారం చేస్తున్న కుటుంబం మనిషి. మాటల్లో తెలుగూ హిందీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. రమేశ్ పేరు చెప్పగానే చాయ్ తెప్పించబోయాడు. వద్దన్నాను.

"నా లెన్సులు నాకియ్యండి. ఈ జూమ్ మీరు తీస్కోండి."

"గట్లెట్ల అయితది బెహన్‌జీ? సౌదా అయిపోయింది. సార్ వచ్చి చేసిండు, ఏమన్న ఉంటే సార్‌ని పంపియ్యండి."

"ఆ లెన్సులు సార్‌వి కావు. నావి."

"ఘర్ కా మామ్లా ఇంట్ల మాట్లాడుకోవాలె గదా," అని నవ్వాడు.

అద్దాల బీరువాలో నా ముప్పై ఐదు కనిపించింది. దాని అంచు మీద నేను గోళ్ల రంగుతో పెట్టుకున్న ఎర్ర చుక్క అట్లాగే ఉంది. పక్కన ఎనభై ఐదు లేదు. అడిగితే, అది నిన్ననే అమ్ముడుపోయిందన్నాడు. బార్కస్ నుంచి ఒక అమ్మాయి వచ్చి తీసుకుపోయిందట, పెళ్లిళ్లు తీసే అమ్మాయి.

"ఈ జమానాల ఫొటోలు అందరూ ఫోన్లనే చూస్తరు బెహన్‌జీ. గింత చిన్న తెర. అది ఏ లెన్సుతోని తీసిన్రని ఎవడు అడుగుతడు?"

"నేనడుగుత," అన్నాను. గట్టిగానే అన్నాను. ఫ్లాష్ బ్యాటరీలు బేరమాడుతున్న ఇద్దరు కుర్రాళ్లు పక్కకు జరిగారు. ముప్పై ఐదు సంగతి తర్వాత చూద్దామని, ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే తప్ప కదలనని, అవసరమైతే సాయంత్రం దాకా ఇక్కడే నిలబడతానని చెప్పాను. వచ్చిన గిరాకీ ఒకరు నా మొహం చూసి వెనక్కి వెళ్లిపోయారు. రెండో గిరాకీ కూడా వెళ్లాక ఆయన ఫోన్ తీశాడు. అటువైపు నుంచి ఒక ఆడగొంతు.

"వాపస్ తో నై దేతీ మై," అంది ముందుగానే, తిరిగిచ్చేది లేదని. తర్వాత నేను మాట్లాడితే కాస్త ఆగి, "ఘర్‌కు రండి ఆపా. ముఖం చూసి మాట్లాడుకుందం," అని అక్క వరస కలిపింది. పేరు నస్రీన్ అని చెప్పింది.

బార్కస్ బస్సు అఫ్జల్‌గంజ్ దాటి, శాలిబండ మీదుగా, ఫలక్‌నుమా దగ్గర అరగంట ఇరుక్కుని నడిచింది. దారి పొడవునా రోడ్డు పక్కన గణేశ్ మండపాలకు కర్రలు పాతుతున్నారు. పక్క సీట్లో బుర్ఖా వేసుకున్నామె ఒడిలో కుట్టడానికిచ్చిన బట్టల మూట పెట్టుకుంది. నా సంచీ చూసి, "షాదీకి పోతున్నరా?" అని అడిగింది.

"కాదమ్మా, లొల్లికి పోతున్న."

ఆమె నవ్వి, నేను దిగాల్సిన చోటు అడిగి తెలుసుకుని, నస్రీన్ వాళ్ల గల్లీ రాగానే నన్ను తట్టి లేపింది. కోపంలో కూడా నిద్రపట్టిందన్నమాట.

బార్కస్‌కు ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. అరబ్బు మూలాల కుటుంబాలు తరాల నుంచీ ఉంటున్న పేట. జామపండ్ల బండ్లు, లుంగీల దుకాణాలు, వీధి అరుగుల మీద తీరిగ్గా కూర్చున్న పెద్దవాళ్లు. ఎవర్ని అడిగినా చేత్తో ఇల్లు చూపించారు. నస్రీన్‌కు పాతికేళ్లుంటాయి. తలుపు తీస్తూనే లోపలికి పిలిచింది. వాళ్ల అమ్మ సొంటి వేసిన గహ్వా, అరబ్బుల కాఫీ, చిన్న కప్పులో తెచ్చి పెట్టి, మా ఇద్దరి మధ్య కూర్చుంది, గొడవైతే ఆపడానికన్నట్టు.

నా ఎనభై ఐదు బల్ల మీద, కొత్త గుడ్డలో చుట్టి ఉంది.

"చోరీ మాల్ కాదు గదా ఆపా? నేను బిల్లు తీస్కున్న," అంది నస్రీన్.

"చోరీ కాదు. నాకు చెప్పకుండ మా మరిది అమ్మిండు."

"నా దగ్గర జూమ్ ఉంది. నికా టైంల అది లేకుంటే నేను చస్త. ఆడోళ్ల దిక్కు మగ ఫొటోగ్రాఫర్లు రారు, హాలంత నేనొక్కదాన్నే. కాని దుల్హన్ కూసునే అర్రల ట్యూబ్‌లైటు తప్ప ఏముండదు. ఫ్లాష్ కొడితే ముఖం సున్నం కొట్టినట్టొస్తది. రెండేండ్ల సంది ఈ లెన్స్ కోసం తిరుగుతున్న. మీరు నా జాగాల ఉంటే ఇస్తరా?"

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "ఇయ్య," అన్నాను.

కప్పులో గహ్వా చల్లారిపోయింది. ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది, అది న్యాయం కాదని తెలిసీ వచ్చింది. గంగాబాయి సంగతి చెప్పాను. లక్ష్మణ్‌సింగ్ ఫొటో నా ఫోన్‌లో ఉంటే చూపించాను. నస్రీన్ దాన్ని వేళ్లతో పెద్దది చేసి కనుపాపల దాకా వెళ్లి చూసింది. వాళ్ల అమ్మ కూడా తొంగిచూసి, "కిత్తా సాఫ్ హై," అంది, ఎంత స్పష్టంగా ఉందో అని.

"ఇది దీనితోని తీసిందేనా?" అని అడిగింది నస్రీన్.

"దానితోనే."

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "లెన్స్ ఇయ్య ఆపా. నేనొస్త. లెన్స్ నాతోని వస్తది, నాతోని వాపస్ వస్తది. స్కూటీ ఉంది, బస్సుల పోతే మీరు చీకటి పడ్డంక చేరుతరు."

ఒంటిగంట దాటాక బయల్దేరాం. నస్రీన్ తన బ్యాగు ముందు పెట్టుకుంది, నేను నాది వెనక వేసుకుని కూర్చున్నాను. చాంద్రాయణగుట్ట దాటాక వాన కాస్త పెరిగింది. శాలిబండ దగ్గర రోడ్డు తవ్వి ఉంటే, ఆమె హుస్సేనీ ఆలం గల్లీల్లోంచి తిప్పింది. పాత నవాబుల దేవిడీల కమానుల కింద నుంచి, మేకలను తప్పించుకుంటూ, రెండుసార్లు ఎదురుగా వచ్చిన ఆటోలకు దారిస్తూ నడిపింది. దారి పొడవునా ఇద్దరం లెన్సుల గురించే అరుచుకున్నాం, హెల్మెట్లోంచి మాట వినబడదు కాబట్టి.

"పోయిన నెల ఒక షాదీల లెన్స్ మార్చేతందుకు పక్కకు పోయిన ఆపా! గప్పుడే దుల్హన్ నాయన గోడ దిక్కు తిరిగి ఏడ్చిండంట! నాకు దొరకలే! ఆ ఇంటోళ్లు ఇప్పటికి అడుగుతరు!"

"గందుకే జూమ్ ఒద్దంటలేను! నా సంచిల నా లెన్స్ బదులు పెట్టుడే తప్పంటున్న!"

"మీ మరిదికి ఫోన్ చెయ్యున్రి, నేను మాట్లాడుత!"

పురానాపూల్ దగ్గర మూసీ దాటేసరికి రెండు కావస్తోంది. ధూల్‌పేట్ మొదట్లోనే ట్రాఫిక్ ఆగిపోయింది. లారీలు, డీసీఎం వ్యాన్లు, ట్రాక్టర్లు, ప్రతిదాని చుట్టూ వాన కవర్లు కప్పిన గణపతులు, బ్యాండు మేళాలు, జెండాలు. స్కూటీ ముందుకు పోదు. అప్పుడే గంగాబాయి కొడుకు రాజు ఫోన్ చేశాడు. "అక్కా, లారీ ముందే వచ్చింది. వాళ్లు తొందర చేస్తున్నరు. అమ్మ పైకెక్కింది."

"మీరు ఉరుకున్రి ఆపా, బండి పెట్టి వస్త," అంది నస్రీన్. ఎటు రావాలో చెప్పి పరిగెత్తాను. లెన్సు అడగాలన్న ఆలోచన అప్పుడు రాలేదు. వచ్చినా, ఆమె ఇచ్చేది కాదేమో.

షెడ్డులో పన్నెండడుగుల గణపతి ఒక్కడే మిగిలాడు. మిగతావన్నీ పోయి చోటు ఖాళీగా ఉంది. నీలం టార్పాలిన్ మీద వాన దరువు, కింద ఒకే ఒక్క బల్బు. గంగాబాయి రెండు డ్రమ్ముల మీద వేసిన పలక మీద నిలబడి ఉంది. తెల్ల జుట్టు ముడేసి, కొంగు బొడ్లో దోపుకుని, కుడిచేతి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, కుంచె విగ్రహం కంటి దగ్గరికి తీసుకుపోతోంది. కింద మహబూబ్‌నగర్ యువకులు ఏడెనిమిది మంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. రాజు చేతిలో కళ్ల ఆకారం కోసిన స్టెన్సిల్ రేకు ఉంది. మిగతా విగ్రహాలన్నిటికీ దానితోనే, రంగు చిమ్మే గాలి మిషన్‌తో కళ్లు వేశాడు. నాకు దాన్ని చూసి ఏమీ అనాలనిపించలేదు. వానలో వందల విగ్రహాలు పంపాల్సిన మనిషి అతను, ఏ పనిముట్టు వాడాలో అతను తేల్చుకున్నాడు, తల్లి చేతిలోంచి కుంచె మాత్రం లాక్కోలేదు.

జూమ్ లాగి గురి పెట్టాను. తెర చీకటిగా ఉంది. షట్టరు వేగం ఎంత తగ్గించవచ్చో అంతా తగ్గించాను. చేతి వణుకును ఆపే ఏర్పాటు ఉందని డబ్బా మీద రాసుంటుంది, నిజమే, ఉంది. అది ఆపేది నా చేతి వణుకును. గంగాబాయి చేతి వణుకును ఆపదు. మొదటి కన్ను ఆమె దిద్దినంత సేపూ నొక్కుతూనే ఉన్నాను. ఒక్కొక్కటీ తెర మీద చూశాను. విగ్రహం స్పష్టంగా ఉంది, పలక స్పష్టంగా ఉంది, గోడకున్న మేకు కూడా స్పష్టంగా ఉంది. ఆమె ముఖం పాచిపట్టినట్టుంది. చేయి ఉండాల్సిన చోట ఒక చెరిపివేత మాత్రమే ఉంది.

గంగాబాయి కుంచె దించి, ఊపిరి తీసుకుని, రెండో కంటి వైపు జరిగింది. కింద నుంచి ఒకతను, "జల్దీ అమ్మా, మహబూబ్‌నగర్ దాక పోవాలె," అన్నాడు. అతని మీద విరుచుకుపడ్డాను. ఏమన్నానో గుర్తు లేదు.

నస్రీన్ తడిసి ముద్దై లోపలికి వచ్చింది. వస్తూనే నా తెర చూసింది. వెంటనే తన బ్యాగు తెరిచింది. గాలిలో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ దుమ్ము తేలుతోంది, టార్పాలిన్ చిల్లుల్లోంచి చుక్కలు పడుతున్నాయి. ఆమె తడి దుపట్టా తీసేసి, బ్యాగులోంచి పొడి శాలువా తీసి మా ఇద్దరి తలల మీద కప్పింది. దాని కింద నేను జూమ్ విప్పాను, ఆమె ఎనభై ఐదు అందించింది. లెన్సు మీది చుక్కను కెమెరా మీది చుక్కతో కలిపి తిప్పితే చిన్న శబ్దంతో కూర్చుంది. ఆ శబ్దం ఎన్నాళ్లుగానో నాకు అలవాటు.

వెనక్కి నడిచాను, గోడ వీపుకు తగిలే దాకా నడిచాను. ఇప్పుడు తెర నిండా వెలుతురు. గంగాబాయి ముఖం, కుంచె మొన, మణికట్టును పట్టుకున్న రెండో చెయ్యి. ఈ లెన్సు పూర్తిగా తెరిస్తే స్పష్టంగా ఉండే పొర చాలా పలచన. చాలా ఫ్రేములు పోయాయి. కొన్నింటిలో చెవి స్పష్టంగా వచ్చింది, కొన్నింటిలో కొప్పు. ఒక్కటి మాత్రం దొరికింది. ఆమె కళ్లు, కుంచె పట్టిన వేళ్లు ఒకే పొరలోకి వచ్చాయి. చివరి గీత లాగేటప్పుడు ఆమె పెదవులు బిగించడం కూడా అందులో ఉంది.

"హో గయా," అని గంగాబాయి పలక మీదే కూర్చుండిపోయింది. యువకులు జై కొట్టారు. రాజు ఆమెను కిందికి దించాడు.

లారీ సంబరం బయటికి కదిలాక ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, "చూపెట్టు బిటియా," అంది. నేను పొరపాటున మొదటి కంటి ఫొటో దగ్గర ఆగాను. వేలు అడ్డుపెట్టేలోపు ఆమె చూసేసింది.

"ఇదేంది, నా చెయ్యి ఏడుంది?"

ఆమె తన చేయి పైకెత్తి చూసుకుంది. అది సన్నగా వణుకుతూనే ఉంది. "ఇంత ఊగుతదా?" అంది. తర్వాత, "తీసెయ్ దాన్ని," అంది. ఆ వరుసంతా ఆమె ముందే ఒక్కొక్కటిగా తీసేశాను. అప్పుడు రెండోది చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. ముఖం చూసుకోలేదు, వేళ్లే చూసింది.

"ఇండ్ల ఊగుతలేదు," అంది.

"ఊగుతలేదమ్మా."

"ఇది గోడకు పెట్టు." ఆమె లోపలికి వెళ్లి మా ఇద్దరికీ పూరీలు, ఆలుగడ్డ కూర తెచ్చింది. మేం తింటుంటే గంగాబాయి నస్రీన్‌ను పెళ్లెప్పుడని అడిగింది. నస్రీన్ పూరీ నోట్లో పెట్టుకుని, వినిపించనట్టు నటించింది.

నాలుగున్నరకు నస్రీన్ నన్ను నాంపల్లి స్టేషన్ దగ్గర దింపింది. లెన్సు విప్పి ఇచ్చాను. వెనక మూత పెట్టేటప్పుడు మనసొప్పలేదు, కానీ పెట్టాను. ఆమె గుడ్డలో చుట్టుకుంటూ, "షాదీలు లేని రోజుల్ల ఫోన్ చెయ్యున్రి ఆపా. నేను, లెన్స్ ఇద్దరం వస్తం. మీకు అమ్ముడు మాత్రం నక్కో, అది అడగొద్దు," అంది. పొద్దున్నుంచీ మొదటిసారి నవ్వాను. రోడ్డు మీది వాన నీళ్లు చిమ్ముకుంటూ ఆమె స్కూటీ జనంలో కలిసిపోయింది.

సాయంత్రం రైల్లో సీటు దొరికింది. సికింద్రాబాద్ దాటే దాకా రమేశ్ అయిదుసార్లు ఫోన్ చేశాడు. భువనగిరిలో ఎత్తాను.

"కోపమొచ్చిందా వదినా? నీ భుజం నొప్పి చూడలేక చేసిన. రోజు రాత్రి నూనె రాస్కుంటవ్. బరువు తగ్గుతదని..."

అతను అబద్ధమాడడం లేదు. అందుకే కోపం ఇంకా పెరిగింది. "నా భుజం నొప్పి నాది రమేశ్. ఏది మోయాల్నో నేను చూసుకుంట," అని పెట్టేశాను.

ఈ దారిన కెమెరాతో వెళ్లాలనుకునే వాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. చవితి ముందు ధూల్‌పేట్ గల్లీల్లో నడవడానికి, లారీల సంబరం తీయడానికి, బార్కస్ బజారులో తిరగడానికి ఒకే జూమ్ లెన్సు చాలు, సుఖంగా ఉంటుంది. షెడ్డు లోపలికి వెళ్లి ఒక మనిషి పని దగ్గర నిలబడాలనుకుంటే మాత్రం జూమ్ లేని, పెద్ద కన్నున్న లెన్సు ఒకటి మోసుకుపోండి. బరువే. చేతిలో ఉన్నది ఒక్కటే అయితే చాలాసార్లు సర్దుకుపోతాం, ఫొటో కూడా వస్తుంది, ఎవరూ అడగరు. అడిగే మనిషి ఒకరు ఎదురుగా కూర్చుని తన చెయ్యి ఏదని అడిగినప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు. నాకైతే ఆ షెడ్డూ, వానా, ఊరూ ఏవీ కోపం తెప్పించలేదు. నా పనికి ఏది సులువో ఇంకొకరు నిర్ణయించి, నా సంచీలో పెట్టి, దానికి సంతోషించమనడమే ఇప్పటికీ మండుతోంది.

కాజీపేటలో దిగేసరికి ఏడున్నర. రమేశ్ బండి తీసుకుని వచ్చాడు, స్టేషన్ బయట దీపం కింద నిలబడ్డాడు. మొహంలో భయం ఉంది. "ఫొటో వచ్చిందా వదినా?" అన్నాడు.

కెమెరా తీసి గంగాబాయి ఫొటో చూపించాను. అతని ముఖం విప్పారింది. పెద్దది చేసి వేళ్లు చూశాడు, కళ్లు చూశాడు, వెనక మెత్తగా కలిసిపోయిన బల్బు వెలుగు చూశాడు.

"చూసినవా? నేను చెప్పలే? కొత్త లెన్స్ ఎంత మంచిగ తీసిందో!"

"ఇది నువ్వు అమ్మిన లెన్స్‌తోని తీసిన," అన్నాను. "బార్కస్ దాక పోయి, దాన్ని కొన్న పిల్లను బతిమాలి, ధూల్‌పేట్‌కు తోలుకపోయి తీసిన. మొదటి కన్ను దిద్దేటప్పుడు నీ లెన్స్ ఉండె నా చేతిల."

"అది చూపెట్టు."

"లేదు. ఆమె తీసెయ్యమన్నది."

"ఎందుకు?"

"అండ్ల ఆమె చెయ్యి లేదు."

అతను మళ్లీ తెర వైపు చూశాడు. కెమెరా రెండు చేతులతో పట్టుకుని నాకు తిరిగి ఇచ్చాడు. సంచీ అందుకోబోతే ఇవ్వలేదు, నా భుజానికే తగిలించుకుని బండెక్కాను.